మూల కొట్టు అద్దంలో ఎర్ర అక్షరాలు

ఈ పరాయి ఊళ్ళో ఒక వీధి చివర, మూల మీద ఉన్న కొట్టుకి మంచి పేరు లేదు.

పగలు చూస్తే ఏమీ ఉండదు. దుమ్ము పట్టిన అద్దం, సగం దించిన తెర, తలుపు పక్కన తుప్పు పట్టిన గంట. అంతే. కానీ పొద్దు గూకితే చాలు, ఆ వైపు మనిషి కనిపించడు. కుక్కల్ని తిప్పడానికి తీసుకొచ్చినవాళ్ళు కూడా అక్కడికొచ్చేసరికి గొలుసు లాక్కుని ఎదుటి వైపుకి దాటేస్తారు. ఎందుకని అడిగితే కుక్కకి భయం అంటారు.

చెప్పులు కుట్టి, తాళంచెవులు చేసిపెట్టే ముసలాయన ఉండేవాడు అందులో. ఒంటరివాడు. వెనక గదిలో కూచుని పని చేసుకునేవాడు. ముందు ఎవరూ లేరని జనం వెళ్ళిపోకుండా అద్దంలో ఒక బోర్డు పెట్టుకున్నాడు. నల్లటి పలక మీద ఎర్రటి చుక్కల దీపాలు వెలిగి అక్షరాలు ఓ పక్క నుంచి ఇంకో పక్కకి పాకిపోతుంటాయే, అలాంటిది. ‘లోపలే ఉన్నాను... గంట కొట్టండి’ అని ఇక్కడి భాషలో పొద్దస్తమానం పాకుతూ ఉండేది.

ఒక చలికాలం ఆయన లోపలే, తన కుర్చీలోనే పోయాడు. ఎవరికీ తెలియలేదు. రెండ్రోజుల పాటు వచ్చినవాళ్ళు గంట కొడుతూనే ఉన్నారట. బోర్డు మాత్రం... ‘లోపలే ఉన్నాను’ అంటూనే ఉంది.

అబద్ధమైతే చెప్పలేదు కదా అంటాడు మా ఆయన. నాకు నవ్వు రాదు.

తర్వాత కొట్టు మూతబడింది, బోర్డు ఆరిపోయింది. అంతటితో అయిపోయిందనుకున్నాం. కానీ ఈమధ్య మళ్ళీ మొదలైందన్నాడు బేకరీ ఆయన. రాత్రి తన బేకరీ కట్టేసి పోతూ అటు చూశాడట. అద్దం వెనక చీకట్లో... ఎర్రగా, గుండ్రగుండ్రంగా, పురుగుల్లాంటివేవో బారులు తీరి పాకుతున్నాయట.

ఆ పురుగులేమిటో ఆయనకి అర్థం కాలేదు. వదినకి అర్థమయ్యాయి. అదే వచ్చిన చిక్కు.

వదిన అంటే నాకు చుట్టం కాదు. ఈ ఊళ్ళో మన మాట మాట్లాడేవి మా రెండిళ్ళే కాబట్టి వదిన అయింది. ఆసుపత్రి దుప్పట్లు ఉతికే లాండ్రీలో నాది పగటి షిఫ్టు, ఆమెది సాయంత్రం షిఫ్టు. మధ్యలో కాసేపు ఇద్దరం కలుస్తాం. చెరో కొసా పట్టుకుని దుప్పట్లు మడతపెడుతూ లోకంలో కబుర్లన్నీ చెప్పుకుంటాం. ఈ కథ నాకు అలా మడతల మధ్య తెలిసిందే.

ఆమె భర్త సిటీ బస్సు నడుపుతాడు. రాత్రి పదింటికి గానీ రాడు. ఈమె ఎనిమిదిన్నరకి ఇల్లు చేరుతుంది. ఆలోపు ఇంట్లో పిల్లలిద్దరే. పెద్దదానికి పదకొండు, చిన్నోడికి ఏడు.

మీరేమనుకుంటున్నారో నాకు తెలుసు. నేనూ ఇద్దరు పిల్లల తల్లినే. నా పిల్లలు స్నానాల గదిలో కాస్త ఎక్కువసేపున్నా తలుపు కొట్టేదాన్ని. పక్కింట్లో అత్తయ్యో, కింద బాబాయో ఉండే చోటు కాదు ఇది. పిల్లల్ని వదిలి రావడమంటే ప్రాణం అక్కడే పెట్టి వట్టి చేతులు తీసుకుని పనికి రావడమే. వదిన ఆ ఉద్యోగంలో చేరేముందు నెల రోజులు ఆలోచించింది. చేరే రోజున భర్తతో గట్టిగా చెప్పింది: "పిల్లలకి ఒక్క రోజు తేడా వచ్చినా మర్నాడే మానేస్తాను. నన్నాపొద్దు."

కానీ ఆ పని ఆమెకి ఎంత ఇష్టమో నాకు తెలుసు. పదేళ్ళు ఇంట్లో కూచున్న మనిషి. తన పేరుతో ఒక లాకరు, ఒక తాళం, టీ తాగడానికి ఒక గుంపు. పని చేస్తూ కూనిరాగాలు తీసేది. మానేయాల్సి వస్తుందేమోనన్న దిగులు ఆమెకి రోజూ ఉండేది.

ఆ దిగులు చూడలేకే వాళ్ళాయన బోర్డు తెచ్చాడు.

పిల్లలకి ఫోన్ ఇవ్వకూడదని వాళ్ళింట్లో కట్టుబాటు. అందుకని పిల్లల గదిలో గోడకి అక్షరాలు పాకే బోర్డు ఒకటి బిగించాడు. దానితోపాటు మీటల పెట్టె ఒకటి. తను బస్సు ఆపే చివరి స్టాండులో దిగి ఫోన్‌లో నొక్కితే, ఇంట్లో పెట్టె అందుకుని బోర్డు మీదికి పంపుతుంది. ఎక్కడిదని వదిన అడిగితే, "ఆన్‌లైన్‌లో తెప్పించా," అన్నాడు.

చిక్కేమిటంటే, ఆ పెట్టెకి మన అక్షరాలు రావు. బొమ్మలొస్తాయి. అందుకని ఆయన ఒక్కో మాటనీ చుక్కచుక్కగా బొమ్మ గీసి పెట్టెలోకి ఎక్కించాడు. పదహారు వరసల చుక్కల్లో ‘ముట్టుకోకు’ అని ఇరికించడానికి ఒక సాయంత్రమంతా పట్టింది. ఒత్తు కింద పడిపోతుంది, కొమ్ము పక్కకి ఒరిగిపోతుంది. చివరికి ఓ పాతిక ముప్ఫై మాటలయ్యాక వేళ్ళు నొప్పెట్టి, ఇక చాల్లే అనుకున్నాడు. తలుపు, తీయకు, గ్యాస్, ముట్టుకోకు, తినండి, అరవకండి, కొట్టుకోకండి, ఏడవకు, పడుకోండి, అమ్మ, వస్తోంది, తమ్ముడు, పైన, కింద, చీకటి, త్వరగా, చూస్తున్నా... ఇలా. ఒక్కో మాటకీ ఒక్కో నంబరు. ‘చూస్తున్నా’ అని ఎందుకు గీశాడంటే, ఎక్కడున్నా తన కన్ను తమ మీదుందని పిల్లలు అనుకోవాలట.

రోజూ సాయంత్రం ‘తినండి’, ‘కొట్టుకోకండి’, ‘పడుకోండి’ అని మాటలు పాకేవి. పిల్లలు బుద్ధిగా వినేవారు. పెట్టె మీద మీటలు ముట్టుకుంటే వీపు విమానం మోత మోగుతుందని మాత్రం ముందే చెప్పి ఉంచాడు.

అంతా సజావుగా ఉందనుకున్న రోజుల్లో...

ఆ రాత్రి వదిన బస్సు దిగి మామూలుగా నడిచొస్తోంది. చలికి వీధిలో పిట్ట లేదు. మూల తిరిగితే మూల కొట్టు. దానికి సరిగ్గా ఎదురుగా, వీధికి అవతల, వాళ్ళుండే మేడ.

కొట్టు వైపు చూడకూడదనుకుంది. చూడకూడదనుకుంటే కన్ను అటే పోతుంది కదా.

అద్దం వెనక... తెరకి ఈవల... ఏదో ఎర్రగా కదిలింది.

కాలు ఆగిపోయింది. చీకట్లోంచి ఒక మాట నెమ్మదిగా పాకుతూ వచ్చింది.

అమ్మ...

మన అక్షరాలు. అద్దం ఈ కొస నుంచి ఆ కొసకి పాకి, చీకట్లో కలిసిపోయింది. వెనకే ఇంకోటి.

వస్తోంది...

దాని వెనక —

చూస్తున్నా...

ఆమె ఎప్పుడు వీధి దాటిందో, మూడంతస్తులు ఎలా ఎక్కిందో ఆమెకే తెలియదు. ఇంట్లో పిల్లలిద్దరూ ముసుగు తన్ని పడుకుని ఉన్నారు. ఊపిరులు లెక్కపెట్టుకుని, వంటగదిలో నేల మీద కూలబడింది.

భర్త వచ్చాక మామూలుగా అడుగుతున్నట్టు అడిగింది. "ఎనిమిదిన్నరకి బోర్డు మీద ఏమన్నా పంపారా?"

"ఎనిమిదిన్నరకి నేను వంతెన మీద ఉంటాను. చేతిలో స్టీరింగే ఉంటుంది. ఫోన్ పట్టుకుంటే నన్ను ఇంటికి కాదు, ఇంకెక్కడికో పంపిస్తారు. ఏం?"

"ఏం లేదు."

ఆమె చెప్పలేదు. చెబితే ‘అయితే మానేయ్’ అంటాడేమోనని. మానేస్తానని తనే అన్న మాట ఇప్పుడు తనకే అడ్డం తిరిగింది.

మర్నాడు రాత్రి ఎదుటి వైపు నడిచింది. తల వంచుకుని, పెద్ద శాలువాని కొంగులా కళ్ళ దాకా లాక్కుని. అయినా ఆ ఎరుపు రోడ్డు తడి మీద పడి కనబడింది.

అమ్మ... చీకటి... త్వరగా... పైన...

చూస్తున్నా...

ఆ మర్నాడు లాండ్రీలో ఒకే దుప్పటిని మూడుసార్లు విప్పి మడతపెట్టించింది. అడిగితే మొదట, "మడత సరిగ్గా పట్టు," అని కసిరింది. తర్వాత మొత్తం చెప్పింది. గుసగుసగా, యంత్రాల మోత మధ్య నా చెవి ఆమె నోటికి ఆనించుకుంటే గానీ వినపడనట్టు.

"పైన అంటే ఎక్కడ వదినా?" అన్నాను.

"ఎక్కడేమిటి? పోయినవాళ్ళంతా ఎక్కడుంటారో అక్కడ. త్వరగా రమ్మంటోంది."

"సరే, ఆ ముసలాయనకి మన భాష ఎలా వచ్చు?"

"అదేగా నా భయం. ఊరివాళ్ళని బెదిరించాలంటే ఊరి భాషలో రాస్తాడు. మన భాషలో రాశాడంటే అది నా కోసమే కదా."

నవ్విద్దామని, "మా వాడు మూడేళ్ళుగా దిద్దుతున్నా ఇంకా అచ్చుల దగ్గరే ఉన్నాడు. ఆయన చచ్చిపోయాక ఇంత తొందరగా నేర్చుకున్నాడు. కాస్త మావాడికి ట్యూషన్ చెబుతాడేమో అడుగు," అన్నాను.

ఆమె నవ్వలేదు. "ఇంకో సంగతి చెప్పనా? అక్షరాలు అచ్చం మా ఇంట్లో బోర్డు మీద ఉన్నట్టే ఉన్నాయి. మా ఆయన కొమ్ములు పక్కకి ఒరిగినట్టు గీస్తాడే, అలాగే. అంటే ఏమిటి?"

"ఏమిటి?"

"మా ఇంట్లోకి తొంగిచూసి నేర్చుకుంది అది. పిల్లల గదిలోకి."

ఎవరైనా నవ్వుకోవచ్చు గానీ, పిల్లల గది అన్న మాట వినగానే నాకు దెయ్యాల మీద నమ్మకం కుదిరిపోయింది.

"ఈ రాత్రి వంతెన రోడ్డు మీదుగా పో వదినా. చుట్టయినా పర్లేదు," అన్నాను.

నా సలహా విని అలాగే పోయింది. చుట్టు తిరిగి, మేడ వెనక గుమ్మం నుంచి ఇల్లు చేరేసరికి తొమ్మిది దాటింది. దెయ్యం కనబడలేదు. కానీ పడుకుని ఉన్న చిన్నోడి ముఖం చూస్తే... రెప్పలు ఉబ్బి ఉన్నాయి. చెంప మీద తడి ఆరలేదు.

అప్పుడు నిర్ణయించేసుకుంది. రేపు పనికి పోయి, ఎల్లుండి నుంచి రానని సూపర్‌వైజరుకి చెప్పేయాలి.

చెప్పడానికే వెళ్ళింది. ఆ రోజు లాకరు తీసి, అందులో అద్దం, దువ్వెన, టీ కప్పు సంచీలో వేసుకుంది. కూనిరాగం లేదు. సూపర్‌వైజరు ఏదో మీటింగులో ఉంటే, సరే, రేపు పొద్దున ఫోన్ చేసి చెబుదామని బయల్దేరింది. ఇక ఆఖరి రాత్రి కదా, చుట్టు తిరిగి మళ్ళీ ఆలస్యం చేసి పిల్లాణ్ణి ఏడిపించేది లేదనుకుంది. దెయ్యమో గియ్యమో, ఆ మూల మీదుగానే నడిచింది.

మూల తిరిగింది.

అద్దంలో చీకటి. ఏమీ లేదు. హమ్మయ్య అనుకుంది.

రెండడుగులు వేసిందో లేదో —

అమ్మ...

ఆగలేదు. నడుస్తూనే ఉంది.

ఏడవకు...

అడుగు తడబడింది.

తమ్ముడు...

ఆ మాట అద్దం మధ్యకొచ్చి... అక్కడే నిలబడిపోయింది. పాకలేదు. ఎర్రగా వెలుగుతూ, ఆరుతూ, వెలుగుతూ.

అమ్మ ఏడవకు... తమ్ముడు.

ఆ తర్వాత మాట రాలేదు. తమ్ముడికి ఏమైంది?

భయమన్నది అంతవరకే ఉంటుందేమో మనిషికి. సంచీ కింద పడేసి తిన్నగా అద్దం దగ్గరికి పోయి అరచేత్తో దబదబా బాదింది. గంట లాగింది. "ఏం చేశావు నా పిల్లాణ్ణి? బయటికి రా. చచ్చినవాడివి చచ్చినట్టు పడుండక నా ఇంటి మీద పడతావా? చెప్పులు కుట్టుకునేవాడివి, నా చెప్పు ఎలా ఉంటుందో చూస్తావా?"

అద్దం వెనక ‘తమ్ముడు’ ఆరిపోయింది. కాసేపు చీకటి. తర్వాత ఇంకో మాట హడావిడిగా పాకింది.

అరవకండి...

దెయ్యం ఆమెని మీరు అంటోంది.

అమ్మ... పైన...

ఈసారి ఆమె పైలోకం గురించి ఆలోచించలేదు. పైనంటే ఆమెకి ఒకటే పైన. గిరుక్కున వెనక్కి తిరిగి వీధి అవతల తన ఇంటి మూడో అంతస్తు కిటికీ వైపు చూసింది, పిల్లాడు బతికున్నాడో లేదో అన్నట్టు.

లైటు లేదు. తెర పక్కకి జరిగి ఉంది. గది గోడ మీది బోర్డు ఎర్ర వెలుగులో, అద్దానికి ముక్కులు ఆనించుకుని రెండు తలలు. చిన్న తల పక్క నుంచి ఒక చెయ్యి లేచింది... అటూ ఇటూ ఊగింది. పెద్ద తల వంగి, దేన్నో నొక్కింది.

ఆమె వెనక, అద్దంలో ఎర్రగా —

చూస్తున్నా...

మెట్లెక్కి తలుపు తీసేసరికి పిల్లలిద్దరూ ముసుగు తన్ని నిద్ర నటించడం మొదలుపెట్టారు. మీటల పెట్టె పక్క మీదే ఉంది, దుప్పటి కింద ఎర్రగా మెరుస్తూ.

"లే," అంది.

పెద్దది లేచి కూచుంది. చిన్నోడు ఇంకా గురక పెడుతున్నాడు. ఆ గురక విని ఆమెకి కోపమూ, ఏడుపూ, నవ్వూ ఒకేసారి వచ్చాయట.

పెద్దది తల దించుకుని మెల్లిగా చెప్పింది. ఒక సాయంత్రం నాన్న ‘తినండి’ అని పంపినప్పుడు కిటికీలోంచి చూస్తే, ఎదురుగా మూల కొట్టులో కూడా ‘తినండి’ అని వచ్చిందట. నాన్న ‘పడుకోండి’ అంటే అదీ పడుకోండి అందట. ఇక్కడ నొక్కితే అక్కడ వస్తుందని కనిపెట్టారు. అమ్మ రోజూ ఆ చీకట్లో, ఆ కొట్టు పక్క నుంచి ఒక్కతే రావడం వీళ్ళు పైనుంచి చూస్తూనే ఉండేవాళ్ళు. అమ్మ ఆ మూల దాటేదాకా చిన్నోడు ఊపిరి బిగబట్టేవాడు. అమ్మకి ధైర్యం చెబుదామనుకున్నారు.

"ధైర్యం ఇలాగా చెబుతారే? ‘అమ్మ, త్వరగా, పైన’ అనా?"

"చీకటిగా ఉంది, త్వరగా వచ్చెయ్, మేం పైనుంచి చూస్తున్నాం అని."

"మరి ‘అమ్మ ఏడవకు తమ్ముడు’ అంటే?"

"నిన్న నువ్వు రాలేదని తమ్ముడు ఏడ్చాడమ్మా. ఈ రోజు ఆలస్యం చెయ్యొద్దని చెప్పాలి. కానీ పెట్టెలో ‘ఏడ్చాడు’ లేదు. ‘ఏడవకు’ ఒకటే ఉంది." పెద్దదానికి కళ్ళనీళ్ళు తిరిగాయి. "భయపడకు అని చెబుదామని ఎంత వెతికామో. ఆ మాట నాన్న గీయనే లేదు. తీయకు, ముట్టుకోకు, అరవకండి... అన్నీ ఇవే. ఉన్నవాటితోనే సర్దుకున్నాం."

చిన్నోడు గురక ఆపి, కళ్ళు తెరవకుండానే అన్నాడు. "నువ్వు మూల దగ్గర పరిగెత్తినప్పుడల్లా మా మెసేజ్ అందిందనుకున్నాం."

పదింటికి భర్త వచ్చాడు. వదిన కుర్చీ వేసుకుని గుమ్మంలోనే కూచుని ఉంది.

"ఆన్‌లైన్‌లో తెప్పించారు కదూ బోర్డు?"

ఆయన బూటు విప్పుతూ ఆగిపోయాడు. "ఎవరు చెప్పారు?"

"దెయ్యం చెప్పింది."

అప్పుడొచ్చింది నిజం. మూల కొట్టు సొంతదారు సామాన్లు తీసేస్తుంటే ఈయన చూశాడట. ఆ కొట్టు వీధి వైపు అద్దంలో ఒక బోర్డు, సందు వైపు ఒకటి, రెంటికీ తీగ లేకుండా మాటలు పంపే పెట్టె ఒకటే. సందు వైపుది ఊడదీసి పెట్టెతో సహా ఈయన తెచ్చుకున్నాడు. రెండోది పైన ఎత్తులో ఉంది, నిచ్చెన దొరికాక తీస్తామన్నారట. తీయలేదు. ప్లగ్గు కూడా పీకలేదు. ఏమీ పంపని రోజుల్లో అది నల్లగా, చచ్చినట్టే ఉండేది. ఈయన పంపడం మొదలుపెట్టాక పాపం అదీ తన పని తను చేసింది.

"చచ్చినాయన బోర్డుని నా పిల్లల తలల మీద వేలాడదీశారా?"

"అలా అంటావనే చెప్పలేదు. మంచి బోర్డు. కొత్తది ఇంత బాగా ఉండదు."

"నాకు రాత్రులు గుండె ఆగిపోయినంత పనైంది."

"నాకేం తెలుసు? నేను వంతెన మీద ఉంటానుగా."

వదిన ఆ రాత్రి ఆయన్ని పడుకోనివ్వలేదు. బోర్డు పీకెయ్యమంటుందేమోనని పిల్లలు తలుపు సందులోంచి చూస్తున్నారు. కొట్టు సొంతదారుకి చెప్పి ఆ రెండోదాని ప్లగ్గు పీకిస్తానని ఆయన అన్నాడు.

"ప్లగ్గు జోలికి పోయారంటే ఊరుకోను," అంది. "ముందు ఆ పెట్టె ఇటు తెచ్చి కూచోండి. మాటలు గీయాలి."

"ఇప్పుడా? ఏ మాటలు?"

"నన్నడుగుతారేం? వాళ్ళనడగండి."

పిల్లలు ఒకరి మీద ఒకరు పడి చెప్పుకుంటూ వచ్చారు. వాళ్ళకి కావలసిన మాటలు తెల్లారేదాకా గీసినా అయ్యేవి కావట. ‘భయపడకు’ని చుక్కల్లోకి ఇరికించేసరికే ఆయనకి ఒంటిగంట అయింది.

మర్నాడు వదిన లాండ్రీకి వచ్చి, సంచీలోంచి టీ కప్పు తీసి మళ్ళీ లాకర్లో పెట్టుకుంది. ఫోన్ చేయలేదు. దుప్పటి రెండో కొస నాకందిస్తూ ఇదంతా చెప్పింది, కళ్ళు తుడుచుకుంటూ, నవ్వుతూ, మధ్యమధ్య వాళ్ళాయన్ని తిడుతూ.

ఇది జరిగి కొన్నాళ్ళయింది. మొన్న రొట్టె కొందామని బేకరీకి వెళ్ళాను. ఆయన చుట్టూ చూసి, కౌంటరు మీద నుంచి నా వైపు వంగాడు.

"మీరు రాత్రిళ్ళు ఆ మూల వైపు వెళ్ళకండి," అన్నాడు, గొంతు తగ్గించి. "ఇప్పుడు పురుగులొక్కటే కాదు. ఒక ఆడమనిషి వస్తోంది."

"ఆడమనిషా?"

"పెద్ద శాలువా కప్పుకుని. ఆ చీకటి అద్దం ముందు నిలబడుతుంది. పురుగుల వైపు చూసి... నవ్వుతుంది. తర్వాత తల పైకెత్తి ఎవరూ లేని చోటికి చెయ్యి ఊపుతుంది. నా కళ్ళతో చూశాను. అప్పటినుంచి మా వాళ్ళెవరినీ ఆ వీధిలో అడుగు పెట్టనివ్వట్లేదు."

చెబుదామని నోటిదాకా వచ్చింది. మంచివాడు, పాపం ఊరికే భయపడుతున్నాడు.

కానీ ఆ సమయానికి మూడో అంతస్తులో పిల్లలిద్దరే ఉంటారు. ఆ వీధిలో ఊరికే తిరిగేవాళ్ళు ఎంత తగ్గితే నాకంత నిద్ర పడుతుంది.

రొట్టె సంచీలో పెట్టుకుని, నేను కూడా ఆయన వైపు వంగాను.

"ఆమె ఒక్కతే కాదండీ," అన్నాను, గుసగుసగా. "పైన ఇంకో ఇద్దరున్నారు."